నీటి ట్యాంకులో ఎర్ర ఆకుల మొక్కలు: పర్లాకిమిడి నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బజారులో తెలుగూ ఒడియా కలగలిపి. పన్నెండేళ్ళుగా అక్వేరియంలో మొక్కలు పెంచుతున్నాను. అందులోనూ ఎర్ర ఆకుల మొక్కలంటే నాకు ప్రాణం. ఇటు కాశీనగర్, గుణుపురం నుంచి, అటు టెక్కలి, పాతపట్నం నుంచి వచ్చి చూసినవాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. వాటికి నాకు తెలిసినంతవరకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. పెద్ద నగరాల్లో ఉండేవాళ్ళకి దొరికే సరుకులు మనకి దొరకవు. అందుకే మన ఊళ్ళలో దొరికేవాటితో ఎలా నెట్టుకురావాలో కాస్త ఎక్కువ రాశాను.

ఆకు అసలు ఎర్రగా ఎందుకవుతుంది?

మామిడి చిగురు వేసినప్పుడు చూడండి. లేత ఆకు రాగి రంగులో ఉంటుంది, ముదిరాక పచ్చబడుతుంది. ఆ ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం వల్ల వస్తుంది. ఎండ తీక్షణానికి లేత ఆకు దెబ్బతినకుండా అది గొడుగులా కాపాడుతుంది. ట్యాంకులో రొటాలా, లుడ్విజియా లాంటి ఎర్ర మొక్కలు చేసేది కూడా అదే పని. పైనుంచి వెలుతురు గట్టిగా పడితే మొక్క ఆ గొడుగు విప్పుతుంది. వెలుతురు చాలకపోతే గొడుగు అవసరం ఉండదు. ఉన్న కాస్త వెలుతురు పట్టుకోవడానికి పత్రహరితం పెంచుకుని పచ్చగానే ఉండిపోతుంది. కాబట్టి మీ రొటాలా పచ్చగా ఉందంటే దానికి జబ్బు చేసిందని కాదు, గొడుగు పని పడలేదని అర్థం.

అయితే అన్ని ఎర్ర మొక్కల ఎరుపూ ఒకటి కాదు. ఏఆర్ మినీ అని మనం పిలుచుకునే ఆల్టర్నాంథెరా ఉంది కదా, అది మన పొన్నగంటికూర జాతి మొక్క. తోటకూర, బీట్‌రూట్ కూడా ఆ కుటుంబంలోవే. వీటి ఎరుపు ఆంథోసయనిన్ కాదు, బీటాలైన్ అనే వేరే పదార్థం. ఎర్ర తోటకూర ఉడికించినప్పుడు నీళ్ళలోకి దిగే రంగు అదే. ఈ రెండు పదార్థాలూ ఒకే మొక్కలో కలిసి కనబడవు. ఒకసారి మా పక్కింటి రైతు ట్యాంకులోకి వంగి చూసి, "ఏటి మాస్టారూ, నీళ్ళలో తోటకూర వేశారేటండి?" అని అడిగాడు. చుట్టరికం సరిగ్గానే పట్టాడు.

ఈ తేడా ఎందుకు చెప్తున్నానంటే, రొటాలాని ఎర్రబరచడానికి చేసే పనులు కొన్ని ఏఆర్ మినీకి పనికిరావు. పైగా హాని చేస్తాయి. దాని సంగతి నైట్రేట్ దగ్గర చెప్తాను.

ఐరన్ ఎక్కువ వేస్తే ఎర్రబడుతుంది కదా?

ఎర్రబడదు. నన్ను అందరికన్నా ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది కూడా ఇక్కడే. ఆ ఎరుపులో ఇనుము లేదు. మొక్కకి ఇనుము కావలసింది పత్రహరితం తయారు చేసుకోవడానికి. అంటే నిజానికి పచ్చదనానికి.

మరి ఐరన్ వేసిన వారానికే ఎర్రబడిందని కొందరు ఎందుకంటారు? అంతకుముందు వాళ్ళ ట్యాంకులో ఇనుము లోటు ఉండి ఉంటుంది. వరి నారుమడిలో ఇనుము లోపిస్తే లేత ఆకులు తెల్లగా పాలిపోవడం మన రైతులందరికీ తెలుసు. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి పిచికారీ చేస్తారు. ట్యాంకులోనూ అంతే. కొనలో కొత్త ఆకులు పాలిపోయి ఉంటే ఇనుము అందగానే మొక్క కోలుకుంటుంది, దాని సహజమైన రంగు తిరిగి వస్తుంది. లోటు లేని చోట ఇంకా పోస్తే నాచు పెరగడానికి సాయం చేసినట్టే.

మన కొండల ఎర్రమట్టి అడుగున వేస్తే?

ఎర్రమట్టికీ ఎర్ర ఆకుకీ సంబంధం లేదు. కానీ మట్టి మంచిదే. వెనకటి రోజుల్లో జర్మనీవాళ్ళు తమ ట్యాంకుల అడుగున లేటరైటు మట్టి వేసేవారు. ఎర్రమట్టిలో ఇనుము తుప్పు రూపంలో ఉంటుంది, నీళ్ళలో కరగదు. గాలి ఆడని అడుగు పొరలో నెమ్మదిగా రూపం మారి వేళ్ళకి అందుతుంది. కలువ జాతికి, క్రిప్టోకోరైన్‌కి అది బాగా పనికొస్తుంది.

వేసేటప్పుడు ఒక అంగుళం మట్టి, దానిపైన కనీసం రెండంగుళాలు కడిగిన ఏటి ఇసుక. పశువుల ఎరువు, వర్మీకంపోస్టు కలపకండి. మొదటి నెలంతా అమ్మోనియా వస్తూనే ఉంటుంది, చేపలు బతకవు. ఇసుక మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేసి చూడండి. బుడగలొస్తే అందులో గుల్ల, సున్నం ఉన్నట్టు. ఆ ఇసుక వద్దు.

కొత్తగా మొదలుపెడుతున్నాను. ఏ మొక్కలు తెచ్చుకోవాలి?

మూడింటితో మొదలుపెట్టండి. లుడ్విజియా సూపర్ రెడ్, రొటాలా రొటండిఫోలియా, ఎర్ర టైగర్ లోటస్.

సూపర్ రెడ్ అన్నిటికన్నా ఓర్పున్న మొక్క. నీళ్ళు కాస్త గట్టివైనా (సున్నం ఎక్కువున్నా), సీఓటూ (విడిగా ట్యాంకులోకి ఇచ్చే కార్బన్ డయాక్సైడ్ వాయువు) లేకపోయినా, లైటు మధ్యస్థంగా ఉన్నా ఎంతో కొంత ఎర్రగానే ఉంటుంది. రొటండిఫోలియా భారతదేశంలో సహజంగా పెరిగేదే. వెలుతురు తక్కువైతే పచ్చగా, పెరిగితే గులాబీ నుంచి నారింజ దాకా మారుతూ మీ ట్యాంకు పరిస్థితి చెప్తుంది. వియత్నాం నుంచి వచ్చిన హెచ్‌రా రకం ఇంకా త్వరగా ఎర్రబడుతుంది. టైగర్ లోటస్ పశ్చిమ ఆఫ్రికా కలువ. దుంప పెడితే చాలు, ఆకు వచ్చేదే ఎర్రగా వస్తుంది. నీటి పైకి తేలే ఆకుల్ని ఎప్పటికప్పుడు తుంచేస్తూ ఉంటే లోపలే గుబురుగా ఉంటుంది.

ఏఆర్ మినీ రెండో మెట్టు. సీఓటూ లేకుండా బతుకుతుంది, కానీ నత్తనడక. ఆకుల మీద నాచు పట్టేస్తుంది.

రొటాలా మాక్రాండ్రా మాత్రం మొదటి ఏడాది ముట్టుకోకండి. మన దక్షిణ భారతపు మొక్కే, అందంలో దానికి సాటి లేదు. కానీ నీళ్ళు మెత్తగా ఉండాలి, సీఓటూ నిలకడగా ఉండాలి, వేడి పడదు. నేను నాలుగుసార్లు పోగొట్టుకున్నాక ఐదోసారి నిలిచింది.

కొట్లో ఎర్రగా ఉంది. ఇంటికి తెచ్చిన పది రోజులకి ఆకులన్నీ కుళ్ళి రాలిపోయాయి. మోసపోయానా?

ఎక్కువసార్లు కాదు. నర్సరీల్లో ఈ మొక్కల్ని వేళ్ళు తడిలో, ఆకులు గాలిలో ఉండేలా పెంచుతారు. అలా అయితే త్వరగా పెరుగుతాయి, నాచు పట్టదు. గాలికి అలవాటైన ఆకు నీటి అడుగున పనిచేయలేదు. మొక్క దాన్ని వదిలేసి, నీళ్ళకి తగిన పల్చటి కొత్త ఆకులు వేస్తుంది. రొటండిఫోలియా గాలిలో గుండ్రటి పచ్చ ఆకులతో ఉంటుంది. నీళ్ళలో మునిగాక ఆకులు సన్నగా, కోలగా, ఎర్రగా మారతాయి. రెండూ పక్కపక్కన పెడితే ఒకే మొక్క అంటే ఎవరూ నమ్మరు.

కాబట్టి పాత ఆకుల్ని చూడకండి, కొన చూడండి. కాండం గట్టిగా ఉండి, కొనలో చిన్న చిగురు కదులుతూ ఉంటే మొక్క బతికినట్టే. కుళ్ళిన ఆకుల్ని రోజూ తీసేయండి. మూడు వారాలు ఓపిక పట్టండి. కాండమే మెత్తబడి వేలికి జారిపోతుంటే అప్పుడు ఆశ వదులుకోవచ్చు.

అసలు నీటి మొక్కే కానిదాన్ని అంటగడితే?

ఇది మాత్రం మోసమే. నాకూ జరిగింది. చాలా ఏళ్ళ క్రితం ఒక కొట్లో నిలువెల్లా ముదురు ఎరుపు ఆకులున్న మొక్క చూపించి నీటి మొక్క అన్నారు. ధర కూడా బాగానే తీసుకున్నారు. నెలన్నర బాగానే ఉంది, తర్వాత మొదలు నుంచి కుళ్ళి ట్యాంకంతా కంపు. అది కుండీల్లో పెంచే కార్డిలైన్. ఇవి నెలా రెండు నెలలు నీళ్ళలో నిలబడటం వల్లే అమ్మేవాళ్ళకి ధైర్యం.

గుర్తుపట్టడం సులువే. నీళ్ళలోంచి పైకి తీయండి. నీటిలో పెరిగిన ఆకు తడిబట్టలా వాలిపోతుంది. బిరుసుగా, మైనం పూసినట్టు మెరుస్తూ నిటారుగా నిలబడితే అది గాలిలో పెరిగినది. గాలిలో పెరిగినదల్లా మోసం కాదు కాబట్టి పేరు అడిగి రాసుకోండి. పేరు చెప్పలేని ఎర్ర మొక్కని కొనకండి. డ్రసీనా, కార్డిలైన్, ఐరిసిన్, ఇంకా తోటల్లో అంచులకి వేసే ఎర్ర ఆల్టర్నాంథెరా రకాలు ఇలా ఎక్కువగా వస్తాయి.

లైటు ఎంత ఉండాలి?

రెండడుగుల ట్యాంకులో, అంటే సుమారు 60 లీటర్ల నీళ్ళకి, 2,500 ల్యూమెన్ల పైన ఉంటే ఎరుపు ఆశించవచ్చు. లీటరుకి 40 ల్యూమెన్లు అని గుర్తు పెట్టుకోండి. ఇది ఉజ్జాయింపు లెక్కే. ట్యాంకు లోతు ఎక్కువైతే ఇంకా కావాలి.

గంటలు పెంచితే ఎరుపు పెరగదు. పన్నెండు గంటలు మసక లైటు వేసేకన్నా ఏడు గంటలు గట్టి లైటు మేలు. టైమరు పెట్టండి. కొత్త ట్యాంకుకి మొదటి నెల ఆరు గంటలు చాలు.

రంగు విషయం. తెల్ల ఎల్‌ఈడీ కింద గోధుమ రంగులో కనిపించే మొక్క, ఎరుపు, నీలం డయోడ్లు కలిపిన లైటు కింద మంటలా కనిపిస్తుంది. ఆకు మారలేదు, దానిమీద పడి తిరిగొచ్చే ఎర్ర వెలుతురు పెరిగింది. కళ్ళకి ఇంపుగా ఉంటే అలాంటి లైటు పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఇంటర్నెట్‌లో ఫోటోలు చూసి మీ మొక్కని చిన్నచూపు చూడకండి. ఒక కొమ్మ తుంచి కిటికీ దగ్గర పగటి వెలుతురులో తెల్ల పళ్ళెంలో పెట్టి చూడండి. అదే దాని అసలు రంగు.

సీఓటూ లేకుండా కుదరదా?

కుదురుతుంది, మొక్కల్ని చూసి ఎంచుకుంటే. సూపర్ రెడ్, టైగర్ లోటస్, గోధుమ రంగు క్రిప్టోకోరైన్ వెండ్టీ, నీటిపై తేలే రెడ్ రూట్ ఫ్లోటర్. వీటితో సీఓటూ లేకుండానే చక్కటి ట్యాంకు అవుతుంది. అప్పుడు లైటు కూడా తగ్గించుకోవాలి. గట్టి లైటు పెట్టి సీఓటూ ఇవ్వకపోతే ఆ వెలుతురు నాచుకే ఉపయోగపడుతుంది.

మిగతా వాటికి సీఓటూ కావాలి. లక్ష్యం 30 పీపీఎం, అంటే లీటరు నీళ్ళకి 30 మిల్లీగ్రాములు. డ్రాప్ చెకర్‌లో (ట్యాంకు లోపల తగిలించే చిన్న బుడ్డి) 4 కేహెచ్ ద్రావణం పోసి ఉంచితే (కేహెచ్ అంటే నీళ్ళలోని కార్బొనేట్ల గట్టిదనం) నీలం నుంచి లేత ఆకుపచ్చకి మారుతుంది, అప్పుడు సరిపోయినట్టు. పసుపు రంగుకి వచ్చిందంటే చేపలకి ప్రమాదం. లైటు వెలగడానికి గంటన్నర ముందు సీఓటూ మొదలవ్వాలి, లైటు ఆగడానికి గంట ముందు ఆగాలి. రాత్రి ఇవ్వకూడదు.

సరిగ్గా అందుతున్న రోజు మధ్యాహ్నం మూడింటికి ట్యాంకు ముందు కూర్చోండి. మాక్రాండ్రా ఆకు అంచు కింద సూదిమొనంత బుడగ పుడుతుంది. కదలకుండా అక్కడే ఉండి ఉబ్బుతుంది. ఆకు కొంచెం పైకి లేస్తుంది. ఒక్క క్షణానికి బుడగ జారి పైకి పోతుంది, ఆకు మళ్ళీ కిందికి వాలుతుంది. ఆ తర్వాత ఇంకొకటి. పైనుంచి చూస్తే కొనలో ఆకులు ఇంకా విప్పారలేదు, లేత గులాబీ రంగులో ముడుచుకుని ఉంటాయి. నేను ఎన్ని వందలసార్లు చూశానో, ఇప్పటికీ లేచి వెళ్ళబుద్ధి కాదు.

సిలిండరు కొనే స్తోమత లేదు. నిమ్మ ఉప్పు, వంటసోడాతో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. నేను మూడేళ్ళు అలాగే నడిపాను. గేజి, సేఫ్టీ వాల్వు ఉన్న రెండు లీటర్ల కిట్లకి సాధారణంగా 200 గ్రాముల నిమ్మ ఉప్పు, 200 గ్రాముల వంటసోడా పడతాయి. రెండూ కిరాణా కొట్లో దొరుకుతాయి. బేకింగ్ పౌడర్ కాదు, వంటసోడా.

జాగ్రత్త ఒక్కటే, కానీ అది ప్రాణం మీదకి తెచ్చేది. గాజు సీసాలు వాడకండి. సేఫ్టీ వాల్వు లేని సీసాకి కుళాయి బిగించి వదిలేయకండి. పిల్లలు ఆడుకునే చోట పెట్టకండి. మే నెల ఎండ సీసా మీద పడనివ్వకండి. పైపులో నాన్‌రిటర్న్ వాల్వు తప్పనిసరి, లేకపోతే సీసా చల్లబడినప్పుడు ట్యాంకు నీళ్ళు అందులోకి వెనక్కి పోతాయి.

పంచదార, ఈస్టు పద్ధతి మన వేసవిలో నిలకడగా ఉండదు. రెండు రోజులు పొంగి, తర్వాత చప్పబడుతుంది. సీఓటూ ఇలా ఎగుడుదిగుడుగా ఉంటేనే నల్ల కుచ్చు నాచు పట్టేది.

మా బోరు నీళ్ళు పనికొస్తాయా?

ముందు కొలవండి. టీడీఎస్ మీటరు ఒక్కటే సరిపోదు, అది ఏం కరిగి ఉందో చెప్పదు. కేహెచ్ టెస్టు చుక్కలు తెప్పించుకోండి. మా ఇంటి బోరు కేహెచ్ 12. ఆ నీళ్ళలో సూపర్ రెడ్, ఏఆర్ మినీ, లోటస్ బాగానే పెరిగాయి. మాక్రాండ్రా, రొటాలాలోనే ఇంకో రకమైన వాలిచీ మాత్రం కొన ముడుచుకుపోయి ఆగిపోయాయి. నాలుగుసార్లు పోయాయన్నది ఇందుకే. నేను లైటు మార్చాను, ఐరన్ మార్చాను, లోపం నీళ్ళలో ఉందని ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు ఒక బిందె బోరు నీళ్ళకి రెండు బిందెల ఆర్‌ఓ నీళ్ళు కలుపుతాను. కేహెచ్ 4కి వస్తుంది. పూర్తిగా ఆర్‌ఓ నీళ్ళే పోయకండి. అందులో కాల్షియం, మెగ్నీషియం ఉండవు, మొక్క కొన వంకరపోతుంది. వానాకాలంలో ఆర్‌ఓ కూడా అక్కర్లేదు. రెండు మూడు వానలు పడి గాలి శుభ్రపడ్డాక డాబా మీద టార్పాలిన్ కట్టి వాన నీళ్ళు పట్టుకుంటాను. స్లాబు మీదనుంచి కారిన నీళ్ళు వద్దు, సిమెంటులోని సున్నం దిగుతుంది.

మున్సిపాలిటీ కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోగొట్టే మందు వేశాకే పోయండి.

రైతులకి అమ్మే ఎరువులు ట్యాంకులో వేయొచ్చా?

వేయొచ్చు, పేరు చూసి. సీసాల్లో వచ్చే అక్వేరియం ఎరువులకి పెట్టే డబ్బుతో ఎరువుల కొట్లో ఏడాదికి సరిపడా సరుకు వస్తుంది. అడగాల్సినవి ఇవి: 13-0-45, అంటే పొటాషియం నైట్రేట్. 0-52-34, అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్. చిలేటెడ్ ఐరన్ ఈడీటీఏ (వెంటనే తుప్పుగా మారకుండా కట్టిపెట్టిన ఇనుము), 12 శాతంది. నీళ్ళలో పూర్తిగా కరిగే రకమే తీసుకోవాలి.

యూరియా, డీఏపీ, అమ్మోనియం కలిసిన ఏ గుళికలూ వద్దు. ఒక్క చెంచా యూరియాకి ట్యాంకులో చేపలన్నీ పోతాయి. అన్నభేది కూడా వద్దు. నీళ్ళలో పడగానే తుప్పుగా మారి అడుగుకి చేరుతుంది.

నేను కలుపుకునే తీరు చెప్తాను. అర లీటరు ఆర్‌ఓ నీళ్ళలో 25 గ్రాముల 13-0-45, రెండున్నర గ్రాముల 0-52-34. ఇది మొదటి సీసా. ఇందులో 10 మిల్లీలీటర్లు 60 లీటర్ల నీళ్ళలో పోస్తే నైట్రేట్ సుమారు 5 పీపీఎం, ఫాస్ఫేట్ సుమారు అర పీపీఎం పెరుగుతుంది. రెండో సీసాలో అర లీటరు నీళ్ళకి రెండున్నర గ్రాముల చిలేటెడ్ ఐరన్. ఇందులో 10 మిల్లీలీటర్లకి ఇనుము 0.1 పీపీఎం. వారానికి రెండు రోజులు మొదటి సీసా, వేరే రెండు రోజులు రెండో సీసా, ఆదివారం సగం నీళ్ళు మార్పు. రెండింటినీ ఒకే సీసాలో కలపకండి, ఇనుమూ ఫాస్ఫేటూ పట్టుకుని పేరుకుపోతాయి. తూకానికి బంగారం కొట్లో వాడేలాంటి చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కోండి, చెంచా లెక్కలు వద్దు.

నీళ్ళ పీహెచ్ 7 దాటితే ఈడీటీఏ ఐరన్ ఎక్కువసేపు నిలవదు. డీటీపీఏ రకం దొరికితే అది మేలు. మరీ సున్నపు నేలలకి వాడే ఈడీడీహెచ్‌ఏ నిలుస్తుంది కానీ నీళ్ళే ఎర్రబడతాయి.

నైట్రేట్ తగ్గిస్తే ఎర్రబడుతుందట, నిజమేనా?

రొటాలా విషయంలో నిజం. నత్రజని కాస్త కొరవడితే మొక్క పత్రహరితం తగ్గించుకుని ఆంథోసయనిన్ పెంచుకుంటుంది. హెచ్‌రా, రొటండిఫోలియా, వాలిచీ ఇలా బాగా రంగు తేలతాయి. నేను వీటి కోసం ఒక ట్యాంకులో నైట్రేట్ 5 పీపీఎం దగ్గర ఉంచుతాను.

ఏఆర్ మినీకి ఇది చెయ్యకండి. దాని ఎరుపు బీటాలైన్ అన్నాను కదా, బీటాలైన్ తయారీకే నత్రజని కావాలి. ఆకలి పెడితే రంగు రాదు, కింది ఆకులు పాలిపోయి చిల్లులు పడతాయి. అమ్మానియా అనే మొక్క కూడా ఆకలికి ఆగదు, కొన ముడుచుకుపోతుంది. ఒకే ట్యాంకులో హెచ్‌రా, ఏఆర్ మినీ రెండూ పెట్టి రెండూ నిప్పులా ఉండాలంటే, నీళ్ళలో నైట్రేట్ తక్కువ ఉంచి, ఏఆర్ మినీ వేళ్ళ దగ్గర మాత్రం ఎరువు బిళ్ళ గుచ్చండి. ఈ చిట్కాతో రెండేళ్ళుగా నాకు రెండూ నిలబడ్డాయి.

ఇంకో మాట. నైట్రేట్ తగ్గించడమంటే సున్నా చేయడం కాదు. కొత్తవాళ్ళు ఎరువు పూర్తిగా ఆపేసి, మొదటి పది రోజులు మొక్క ఎర్రబడగానే సంబరపడిపోతారు. ఆ ఎరుపు ఆకలిది. మూడో వారానికి ఎదుగుదల ఆగి, ఆకుల మీద పచ్చ చుక్కల నాచు మొదలవుతుంది. ముందు మొక్క వారానికి రెండు మూడు అంగుళాలు ఎదిగేలా చూసుకోండి. పచ్చగా ఎదిగినా పర్వాలేదు. ఎదుగుతున్న మొక్కని ఎర్రబరచడం నెల పని. ఆగిపోయిన మొక్కని ఎర్రబరచడం ఎవరి తరం కాదు.

వేసవిలో ఏం చేయాలి?

ఏప్రిల్, మే నెలల్లో మా ట్యాంకు నీళ్ళు 33 డిగ్రీలకి వెళ్ళాయి. ఎర్ర మొక్కల్లో ఎక్కువ వాటికి 22 నుంచి 26 హాయి. వేడి నీళ్ళలో సీఓటూ, ఆక్సిజన్ రెండూ తక్కువ నిలుస్తాయి, మొక్కకి మాత్రం అవసరం పెరుగుతుంది.

పై మూత తీసేసి, కంప్యూటర్‌లో ఉండే చిన్న ఫ్యాన్లు రెండు నీటి మీదకి ఏటవాలుగా పెట్టండి. కుండలో నీళ్ళు చల్లబడినట్టే ఇదీ. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేరకు ఆర్‌ఓ నీళ్ళే నింపండి, బోరు నీళ్ళు నింపుతూ పోతే గట్టిదనం పెరిగిపోతుంది. లైటు పగలు కాకుండా సాయంత్రం ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా వేయండి. లైటు ఒక మెట్టు తగ్గించండి. ఆ రెండు నెలలూ ఎరుపు కాస్త తగ్గుతుంది, తగ్గనివ్వండి. ఐసు ముక్కలు వేయకండి, చేపలకి అది దెబ్బ.

కరెంటు పోతే మొక్కలు చచ్చిపోతాయా?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లా అతలాకుతలమైంది. మా వీధికి ఆరు రోజులు కరెంటు లేదు. ఇంటి పైకప్పు గురించి, తాగే నీళ్ళ గురించి టెన్షన్ పడే సమయంలో ట్యాంకు వైపు చూసే తీరిక లేదు. చేపల కోసం మాత్రం మా అమ్మాయి గంటకోసారి మగ్గుతో నీళ్ళు తీసి పైనుంచి పోస్తూ ఉండేది. చేపలు బతికాయి.

మొక్కల సంగతి ఏమంటే, ఏడో రోజు లైటు వెలిగించేసరికి ఏఆర్ మినీ కింది ఆకులు సగం రాలి ఉన్నాయి. రొటాలాలు పాలిపోయి, వెలుతురు కోసం సాగి, కణుపుల మధ్య దూరం పెరిగి, గడ్డిలా ఉన్నాయి. ఎరుపు ఆనవాలు లేదు. లోటస్‌కి ఏమీ కాలేదు, దుంపలో నిల్వ ఉంటుంది కదా. కుళ్ళినవి తీసేసి, సగం నీళ్ళు మార్చి, కొనలు నాలుగంగుళాలు కత్తిరించి మళ్ళీ నాటాను. ఐదు వారాలకి మళ్ళీ గులాబీ రంగు కనబడింది. కాబట్టి రెండు మూడు రోజుల చీకటికి మొక్కలకి ఏమీ కాదు. మీ ఆలోచన అంతా చేపలకి గాలి ఎలా అందించాలా అన్నదాని మీదే పెట్టండి. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఇంట్లో ఉంచుకోండి, తుపాను కబురు రాగానే సీఓటూ మూసేయండి.

పైన ఎర్రగా, కింద బోసిగా ఉంటోంది. ఎలా?

పైకొమ్మ నీడకి కింది ఆకులు రాలతాయి. నీటి మట్టానికి రాకముందే కత్తిరించాలి. రొటాలా అయితే మధ్యకి కోసేయండి, మోడు నుంచి రెండు మూడు పిలకలొస్తాయి, రెండు కోతలకి గుబురవుతుంది. లుడ్విజియా, అమ్మానియా, మాక్రాండ్రా అయితే పైకొమ్మ కోసి నాటి, బోసి మొదళ్ళు పీకేయడమే మేలు. కత్తెర పదునుగా ఉండాలి, గోటితో తుంచితే కాండం నలిగి కుళ్ళుతుంది. కోసిన వారం రంగు తగ్గుతుంది, కంగారు పడకండి.

ఎర్ర ఆకుల మీదే నాచు ఎందుకు ఎక్కువ?

నెమ్మదిగా ఎదిగే ఆకు మీద నాచు ఎక్కువ. ఏఆర్ మినీ ఆకు నెలల తరబడి ఉంటుంది, అందుకే. సీఓటూ నిలకడ, లైటు గంటలు, నీళ్ళ మార్పు ఈ మూడూ చూసుకోండి. పట్టిన ఆకు తుంచేయండి, అది మళ్ళీ బాగుపడదు.

ఏ చేపలు వేయాలి?

గోల్డ్ ఫిష్, సిల్వర్ డాలర్ వద్దు, మొక్కల్ని తినేస్తాయి. డానియోలు, రస్బోరాలు, టెట్రాలు హాయిగా ఉంటాయి. ఎర్ర మొక్కల పక్కన నీలి రంగు చేప బాగా తేలుతుంది, అది నా అభిరుచి.

మన వైపు మొక్కలు ఎక్కడ దొరుకుతాయి?

బరంపురం, విశాఖపట్నం కొట్లలో సాధారణ రకాలు ఉంటాయి. కోల్‌కతా వెళ్ళే పని పడితే ఆదివారం పొద్దున్న గాలిఫ్ స్ట్రీట్ సంత చూడండి, అక్కడ రకాలకి లెక్కలేదు. తడి కాగితంలో చుట్టి గాలి ఊదిన కవరులో కడితే రైల్లో రెండు రోజులు ఏమీ కాదు. కొరియర్‌లో తెప్పిస్తే టిష్యూ కల్చర్ డబ్బాలు (ల్యాబులో పెంచిన మొక్కలు) మేలు, నాచూ నత్తలూ రావు. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య తెప్పించకండి. మన ఊళ్ళకి పార్సిలు ఒక రోజు ఆలస్యంగానే వస్తుంది, ఆ ఒక్క రోజు వేడికే ఉడికిపోతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం.

కోసిన కొమ్మలు ఊరి చెరువులోనో, ఏట్లోనో వేయొచ్చా?

వద్దు. దయచేసి వద్దు. గుర్రపు డెక్క కూడా ఒకప్పుడు అందం కోసం దక్షిణ అమెరికా నుంచి తెచ్చుకున్న మొక్కే. ఈరోజు మన చెరువుల్లో దాన్ని చూడని ఊరు లేదు. పొన్నగంటి చుట్టమే అయిన ఎలిగేటర్ వీడ్ కూడా అలాగే బయటినుంచి వచ్చి మన దేశపు చెరువుల్లో పాతుకుపోయింది. మనం పెంచే లుడ్విజియా, కబోంబా, ఏఆర్ మినీ ముక్క చాలు, కణుపు నుంచి వేరు పోసుకుంటాయి. మహేంద్రతనయలో ఇక్కడ వేసిన కొమ్మ వంశధారలో కలిసి గొట్టా బ్యారేజీ దాకా పోగలదు. అక్కడినుంచి కాలువల్లో పడితే శ్రీకాకుళం జిల్లా పొలాలన్నీ దాని దారే.

నేను కోసిన ప్రతి ముక్కనీ డాబా మీద పాత గోనెసంచి మీద పరిచి ఎండబెడతాను. రెండు రోజులకి కరకరలాడుతుంది. అప్పుడు మా ఆవిడ కరివేపాకు కుండీలో వేస్తుంది. మంచి కొనలుంటే తడి కాగితంలో చుట్టి ఎవరైనా అడిగినవాళ్ళకి ఇస్తాను. మీరు పర్లాకిమిడి వస్తే మీకూ ఇస్తాను.